అమ్మలూ, పుస్తకం తెరిచి పెట్టుకుని వాదించుకోండి

చి. అమ్మలుకి,

అత్తయ్య ఆశీస్సులు. నిజాంపేటలో మీ అపార్ట్‌మెంట్ వాళ్ళు కొందరు కలిసి నెలకోసారి పుస్తకాల గురించి మాట్లాడుకోవాలనుకుంటున్నారని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి నాకు అదే ధ్యాస. "ఎలా మొదలెట్టాలి అత్తయ్యా, ఎవరూ రాకపోతే? వచ్చి గొడవలు పడితే?" అని టెన్షన్ పడుతున్నావు. ఫోన్‌లో అయితే సగం మాటలు మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను. శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇలాంటి కూటమి నడిపాను, రిటైరయ్యాక ఇంట్లో నడుపుతున్నాను. కాబట్టి నిర్మొహమాటంగా చెప్తాను, విను.

"ఈమధ్య చదివిన మంచి పుస్తకం ఏది?" అని మాత్రం ఎవర్నీ అడక్కు. "ఇప్పుడు ఏం చదువుతున్నారు, ఎక్కడిదాకా వచ్చారు?" అని అడుగు. మొదటి ప్రశ్న వేస్తే జనం పెద్ద పెద్ద పేర్లు చెప్తారు. ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదివినవి, చదివామని అందరికీ చెప్పుకోవాలనుకునేవి బయటికి వస్తాయి. రెండోది అడిగితే మంచం పక్కన బోర్లా పెట్టి ఉన్న పుస్తకం పేరు వస్తుంది. "అరవయ్యో పేజీ దగ్గర ఆగిపోయానండీ, ముందుకు సాగట్లేదు" అని ఒకావిడ అంటుంది. ఎందుకు సాగట్లేదని పక్కావిడ అడుగుతుంది. ఇక నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు, మాటలు వాటంతట అవే సాగుతాయి. పూర్తిచేసినవాళ్ళు తీర్పుతో వస్తారు. సగంలో ఉన్నవాళ్ళు ఈ మనిషి ఇలా ఎందుకు చేశాడు, తర్వాత ఏమవుతుంది అంటూ అనుమానాలతో వస్తారు. నాకు వాళ్ళే ఎక్కువ ఇష్టం.

అలాగే "నేనేమీ చదవట్లేదండీ, ఊరికే విందామని వచ్చాను" అనేవాళ్ళుంటారు. వాళ్ళకి కుర్చీ ముందు వరసలో వెయ్యి.

కుర్చీలంటే గుర్తొచ్చింది. వేదిక వద్దు, మైకు వద్దు, ముఖ్య అతిథి వద్దు, శాలువా అసలే వద్దు. మనవాళ్ళకి నలుగురు చేరితే ఒకరిని అధ్యక్షుణ్ణి చేసి, ఇంకొకరికి సన్మానం చేసి, వందన సమర్పణతో ముగించే అలవాటు. అది పుస్తకావిష్కరణ సభలకు సరిపోతుందేమో కానీ చదువుకున్నది పంచుకోవడానికి పనికిరాదు. గుండ్రంగా కూర్చోండి. ఎనిమిది మంది, మహా అయితే పది. అంతకు మించితే రెండు గుంపులైపోండి, ఏమీ ఫరవాలేదు. రెండు గంటలు చాలు. టీ, బిస్కెట్లు పెట్టు. టిఫిన్లు మొదలుపెట్టావో, ఎవరింట్లో కూర్చుంటే ఆ ఇంటి ఆడవాళ్ళు చర్చంతా అయ్యేదాకా వంటింట్లోనే ఉండిపోతారు. నేను ఇది ఎన్ని ఇళ్ళల్లో చూశానో! లోపల పెసరట్లు వేస్తున్న మనిషే ఆ పుస్తకాన్ని అందరికంటే బాగా చదివి ఉంటుంది, ఆవిడ మాట మాత్రం ఎవరికీ వినపడదు.

ఇళ్ళల్లో కుదరకపోతే దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయానికి వెళ్ళి అడుగు. మొహమాటపడాల్సిన పనేమీ లేదు. మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థలకే చేరాలి. అంటే ఆ హాలు మీదే. ఒకప్పుడు పాతూరి నాగభూషణం గారు కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పారు. పాఠకుల దగ్గరికి పుస్తకాలు నడిచొచ్చిన దేశం మనది. పాఠకులే వస్తామంటే కాదనే లైబ్రేరియన్ ఉండరు.

ఇక అసలు విషయం. నేను ఇన్నేళ్ళుగా పట్టుబట్టి నిలబెట్టుకున్న నియమం ఒక్కటే: పుస్తకం చేతిలో ఉండాలి, తెరిచి ఉండాలి. ఎవరేమన్నా "ఏ పేజీలో అండీ?" అని అడగాలి. ఆ పేరా పైకి చదవాలి. తర్వాతే వాదించుకోవాలి.

దీని విలువ ఏమిటో ఒకరోజు జరిగింది చెప్తే నీకు అర్థమవుతుంది. ఆ నెల కాళీపట్నం రామారావు గారి యజ్ఞం చదువుకున్నాం. తెలుగులో ఇంత చర్చ జరిగిన కథ ఇంకోటి లేదేమో. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు తగువు ఊరి పెద్దల ముందుకొస్తుంది. చివరికి ఆ అప్పు తీర్చేందుకు ఒప్పుకోవలసి వస్తుంది. తన బిడ్డ కూడా ఆ అప్పుల బానిసత్వంలోనే బతకడం చూడలేక అప్పల్రాముడి కొడుకు సీతారాముడు ఆ పసివాణ్ణి చంపేస్తాడు. మా కూటమిలో ఒక రిటైర్డ్ ఆఫీసరు గారు వస్తూనే "కన్నతండ్రి ఎవడైనా అలా చేస్తాడా, నమ్మశక్యంగా లేదు" అన్నారు. ఒక టీచరమ్మ "మీకు ఆకలి తెలియదు, అందుకే నమ్మలేరు" అంది. ఆయన మొహం ఎర్రబడింది. ఆవిడ సంచి సర్దుకుంటోంది. ఇంకో నిమిషం ఆగితే ఇద్దరిలో ఒకరు లేచి వెళ్ళిపోయేవారు. అప్పుడు మూల కూర్చున్న ఒక పెద్దాయన, అంతవరకూ నోరు విప్పనివాడు, "చివర్న ఏం చేశాడో తర్వాత చూద్దాం, ముందు అతని తండ్రి అప్పల్రాముడు ఏం చెప్పుకున్నాడో చదవండమ్మా" అన్నాడు. అప్పల్రాముడు ఊరి పెద్దల ముందు మాట్లాడే భాగం పైకి చదివించాం. చదువుతున్నంతసేపూ ఆ ఆఫీసరు గారు పెన్సిలుతో పేజీ పక్కన గీతలు గీసుకుంటున్నారు. అయ్యాక ఆయన అడిగిన ప్రశ్న వేరు: "ఊరు బాగుపడుతుంటే వీళ్ళెందుకు చితికిపోయారు?" ఆ సాయంత్రం మిగిలిన గంటా ఆ ప్రశ్న మీదే నడిచింది. టీచరమ్మ కూడా సంచి కింద పెట్టి కూర్చుంది. ముగింపు విషయంలో ఇద్దరూ రాజీపడలేదు, ఇప్పటికీ పడలేదు. కానీ "మీకు తెలియదు" అనే మాట మళ్ళీ రాలేదు. మనిషి మీదికి వెళ్ళిన వాదన కథ మీదికి తిరిగొచ్చింది. పేజీ తెరిచినందుకే అది జరిగింది.

చలం గారి మైదానం తీసుకుంటే ఈ నియమం మరీ అవసరం. 1927లో వచ్చిన పుస్తకం, దాదాపు వందేళ్ళయింది, ఇప్పటికీ చదవనివాళ్ళే దాని గురించి గట్టిగా మాట్లాడతారు. బరితెగింపు అని ఒకరు, స్వేచ్ఛ అని ఒకరు. రాజేశ్వరి తన కథ తనే చెప్పుకుంటోందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఇలాంటిచోట చదవనివాళ్ళు ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు, తీర్పు మాత్రం చెప్పకూడదని ముందే అనుకోండి. చదవకపోవడం నేరమేం కాదు. విన్న మాటని చదివినట్టు చెప్పడమే చర్చని చంపేస్తుంది.

అమ్మలూ, ఇంకొకటి నీకు ముందే చెప్పకపోతే లాభం లేదు. మన తెలుగువాళ్ళ సాహిత్య చర్చల్లో కాసేపటికే ఎవరో ఒకరు "ఆ రచయిత ఎవరో తెలుసుగా" అంటారు. అంటే కులం. లేదా "ఆయన ఫలానా పార్టీ మనిషి" అంటారు. ఆ మాట పడ్డాక పుస్తకం ఎవరికీ అక్కర్లేదు. కులం గురించి మాట్లాడొద్దని నేననను. మన కథల్లో సగానికి ఆయువుపట్టు అదే, దాన్ని దాటేసి మాట్లాడితే అబద్ధాలాడినట్టే. పుస్తకంలో కులం ఎక్కడుందో అక్కడ వేలు పెట్టి చూపించి ఎంతసేపైనా మాట్లాడండి, కోపం వచ్చినా మాట్లాడండి. రచయిత ఇంటిపేరు పట్టుకుని పుస్తకాన్ని కొలవడాన్ని మాత్రం మొదటిసారే ఆపు. "ఏ పేజీలో కనిపించింది మీకు?" అని మెత్తగా అడిగితే చాలు. చూపించగలిగితే అది మంచి చర్చ అవుతుంది. చూపించలేకపోతే వాళ్ళే తగ్గుతారు.

ఎవరేం చదువుతున్నా చిన్నచూపు చూడకు, చూడనివ్వకు. డెబ్భైల్లో వారపత్రిక వచ్చిన రోజు మా వీధిలో ఒక్క కాపీ నాలుగిళ్ళు తిరిగేది. సీరియల్‌లో హీరోయిన్ చేసింది తప్పా ఒప్పా అని మా అమ్మా, పక్కింటి పిన్నిగారూ బియ్యం ఏరుతూ వాదించుకునేవాళ్ళు. అంత శ్రద్ధగా పాత్రల గురించి మాట్లాడిన పండితుల్ని నేను తక్కువ మందిని చూశాను. మీ దగ్గరికి ఎవరో వ్యక్తిత్వ వికాసం పుస్తకం పట్టుకొస్తారు, ఎవరో డిటెక్టివ్ నవల తెస్తారు. "మీ చేత పేజీ తిప్పించింది ఏమిటి?" అని అడుగు. ఆ ప్రశ్న ఏ పుస్తకానికైనా వర్తిస్తుంది.

పైకి చదవడం గురించి ఇంకాస్త చెప్పాలి. ఇంగ్లీషు మీడియంలో చదివిన మీ వయసువాళ్ళు తెలుగు గబగబా చదవలేమని సిగ్గుపడతారు. వింటే మాత్రం అన్నీ అర్థమవుతాయి. అందుకే ప్రతి ఒక్కరూ తాము చదువుతున్నదాంట్లోంచి ఒక పేరా వినిపించాలని పెట్టుకోండి. యాస ఉన్న కథ అయితే ఆ ప్రాంతం మనిషి చేత చదివించు. మీ అపార్ట్‌మెంట్‌లో శ్రీకాకుళం వాళ్ళుంటారు, చిత్తూరు వాళ్ళుంటారు, నిజామాబాద్ వాళ్ళుంటారు. ఉత్తరాంధ్ర సంభాషణ ఆ ప్రాంతం గొంతులో వినడం వేరు, నేను చదివితే వినడం వేరు. మా కూటమిలో ఎప్పుడూ వెనక కూర్చునే ఒక పలాస అమ్మాయి ఒక్క పేరా చదివిన రోజు నుంచి ముందుకొచ్చి కూర్చుంటోంది.

ఒక పొడుగు నోట్‌బుక్ కొను. తేదీ, పేరు, చదువుతున్న పుస్తకం, ఎన్నో పేజీలో ఉన్నారు, ఇంతే రాయించు. అరువిచ్చిన పుస్తకాలు కూడా అందులోనే రాయించు, లేకపోతే తిరిగిరావు. వాట్సాప్‌లో ఎవరైనా పీడీఎఫ్‌లు పంచితే ఒప్పుకోకు. రచయిత పోయి 60 ఏళ్ళు దాటిన పుస్తకాలైతే కాపీరైట్ ఉండదు, అవి హాయిగా పంచుకోండి. మిగతావి కొనండి. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి అందరూ కలిసి వెళ్ళండి, పాత పుస్తకాలు తక్కువలో దొరుకుతాయి, దారిలో మాటలు కూడా నడుస్తాయి.

మొదటి నెల అందరూ ఒకే పుస్తకం చదవాలని పెట్టుకోకండి. రెండు మూడు నెలలు ఎవరిది వాళ్ళు చెప్పుకోనీ. తర్వాత ఒకటి కలిసి చదవాలనిపిస్తే, చిన్నది తీసుకో. కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు అయితే బాగుంటుందని నా ఉద్దేశం. పందులు మేపుకునే ఒక ముసలాయన, తప్పిపోయిన పంది కోసం అడవిలో గడిపే ఒక రాత్రి, అంతే కథ. ఎంత పనులున్నవాళ్ళయినా పూర్తిచేస్తారు. ఎవరైనా వెంటనే "ఇది ఫలానా ఇంగ్లీషు నవలలాగే ఉంది" అంటారు, చూస్తుండు. ఆ పోలిక కాసేపు పక్కన పెట్టమను. ఆ ముసలాయన అడవిలో ఏ గుర్తు చూసి ఏం తెలుసుకున్నాడో ఒక్కొక్కటే చెప్పించు. అడవి ఎవరిది, గెలుపు ఎవరిది అన్న వాదన అందులోంచే పుడుతుంది, నువ్వు లేవనెత్తక్కర్లేదు.

నేనేం చదువుతున్నానో చెప్పకుండా నీకు ఇన్ని చెప్పడం బాగోదు. గోపీచంద్ గారి అసమర్థుని జీవయాత్ర మళ్ళీ మొదలుపెట్టాను, సగంలో ఉన్నాను. ఆయన 1962లోనే పోయారు కాబట్టి నీకు తేలిగ్గానే దొరుకుతుంది. సీతారామారావు వంశప్రతిష్ఠ పేరు చెప్పి ఆస్తంతా కరగబెట్టాడు, చిరాకంతా ఇంట్లోవాళ్ళ మీద చూపిస్తున్నాడు. మామయ్య ఇది వట్టి సోమరితనం అంటారు. నేను ఒప్పుకోను. చిన్నప్పట్నుంచీ దానధర్మాల గొప్పలే నేర్పి, పని చెయ్యడం నేర్పకపోతే ఆ మనిషి ఇంకేమవుతాడు? కానీ ఈసారి చదువుతుంటే అతని భార్య దగ్గర ఆగిపోతున్నాను. ఆవిడ అతనికి ఎన్నిసార్లు దారి చూపించబోయిందో పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటున్నాను. అతను వినకపోవడానికి కూడా పెంపకమే కారణమా? ఇక్కడికొచ్చేసరికి మామయ్య మాటకి నా దగ్గర జవాబు దొరకట్లేదు. నువ్వు మొదటి సగం చదివి, ఏ పేజీ చూసి ఏమనుకున్నావో రాయి. అన్నయ్యని, వదినని అడిగానని చెప్పు.

మీ అత్తయ్య