తెలుగు పీవో ఫైల్‌లో నాలుగు వాక్యాలు దిద్దితే డిఫ్‌లో వందల లైన్లు ఎందుకు వస్తున్నాయి?

పీవో ఫైల్ అంటే సాఫ్ట్‌వేర్‌లోని ఇంగ్లీషు వాక్యాలూ వాటి అనువాదాలూ ఉండే ఫైల్, డిఫ్ అంటే పాతదానికీ కొత్తదానికీ తేడాను లైన్లవారీగా చూపేది. మీరు దిద్దింది నాలుగు వాక్యాలే, కానీ మీ ఎడిటర్ ఊరుకోలేదు. పోఎడిట్ లాంటి అనువాద ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు పొడవైన లైన్లను మళ్లీ విరవచ్చు, హెడర్‌లో తేదీ మారుస్తాయి. ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ (మూలం) నుంచి అప్‌డేట్ చేస్తే ఫలానా వాక్యం ఏ ఫైల్‌లో ఎన్నో లైనో చెప్పే కామెంట్లూ కదులుతాయి. మార్పులను నమోదు చేసే గిట్‌కి అర్థంతో పని లేదు, లైను మారితే మారినట్టే. పాపం, మార్పులు సరిచూసేవాళ్లకే టెన్షన్.

అందుకే మూలంతో కలపడం ఒక కమిట్ (గిట్‌లో ఒక విడతగా నమోదు చేసే మార్పులు), అనువాదం ఇంకో కమిట్‌గా పంపండి. 'దస్త్రం' తీసేసి 'ఫైల్' పెట్టాలనిపిస్తే ముందు టీమ్‌ని అడగండి. అక్షరదోషాల కమిట్‌లో దాన్ని దూర్చకండి.

బెంగళూరు మారతహళ్లి రూమ్‌లో నేనూ నా రూమ్మేటూ ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాం. డిఫ్‌లో ఎరుపు (పాత) లైనులోనూ 'ఫైల్' అనే, ఆకుపచ్చ (కొత్త) లైనులోనూ 'ఫైల్' అనే! చూస్తే, అతని కీబోర్డు చివరి పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరంతో కలవకుండా ఆపే గుర్తు) పెడుతోంది. పొల్లుతో ముగిసే ప్రతి మాటకీ ఇదే గొడవ. అది ఉంచాలో తీసేయాలో టీమంతా ఒక మాట అనుకోండి.

కొన్ని వాక్యాల మీద కనిపించే ఫజ్జీ గుర్తును మాత్రం చదవకుండా తీయకండి. సాధారణంగా మూల వాక్యం మారిందనీ, పాత అనువాదాన్నే అంచనాతో అతికించారనీ దానర్థం. ఆ గుర్తు ఉన్నంతకాలం మామూలుగా యూజర్‌కి ఇంగ్లీషే కనిపిస్తుంది. తప్పుడు తెలుగు కంటే అదే నయం.