దాచిన బీర గింజ చేదెక్కిందేం?

ప్రశ్న: పోయినేడు మా పెరటి బీరకాయలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఒక కాయ పాదు మీదే ఎండనిచ్చి గింజలు దాచాను. ఈ ఏడు వాటితో పెట్టిన నాలుగు పాదుల్లో ఒకదాని కాయలు నోట పెట్టలేనంత చేదు. ఎరువు తేడానా, నీళ్ల తేడానా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: రెండూ కాదండీ, తేడా గింజలోనే ఉంది. బీరలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడి ఒకదాన్నుంచి ఇంకోదానికి చేరాలంటే తేనెటీగలో ఇతర పురుగులో మోయాల్సిందే. మీ చుట్టుపక్కల ఏ కంచె మీదో చేదుబీర పాకి ఉంటే దాని పుప్పొడి మీ పువ్వు మీదా పడుతుంది. కాయ కండ తల్లి పాదుది కాబట్టి పోయినేడు రుచి మారలేదు. లోపలి గింజల్లో కొన్నిటికి మాత్రం చేదుబీర గుణం వచ్చింది, అదే ఇప్పుడు బయటపడింది.

ఆ పాదు పీకెయ్యండి. చేదు కాయ ముక్క కూడా కూరలో వెయ్యొద్దు. ఉడికించినా ఆ చేదు పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. సొరకాయ విషయంలోనూ ఇంతే జాగ్రత్త. రసం తాగేవాళ్లు ముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూసుకుని, చేదు తగిలితే ఉమ్మేసి కాయ పారెయ్యాలి.

ఈసారి విత్తనం కావాలంటే పుప్పొడి మీ చేత్తోనే అద్దండి. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. మధ్యాహ్నం మూడింటికల్లా పాదు దగ్గరికి వెళితే ఆరోజు విచ్చుకోబోయే మొగ్గల కొస పసుపు తిరిగి కనిపిస్తుంది. మొగ్గ కింద వేలెడంత బీరపిందె ఉంటే అది ఆడది. ఒక ఆడమొగ్గకీ, రెండు మగమొగ్గలకీ పల్చటి గుడ్డ సంచులు తొడిగి దారం కట్టండి. మగపువ్వు అదే రకం వేరే పాదుది అయితే మరీ మంచిది. ఆరు దాటాక, విచ్చుకున్న మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, మధ్యలోని పొడిని ఆడపువ్వు నడిమి భాగం చుట్టూ అంటేలా మెల్లగా రాయండి. మళ్లీ సంచి తొడిగి మూడు రోజులు ఉంచండి. పిందె పట్టి సాగుతుంటే సంచి తీసి, తొడిమకి రంగుదారం కట్టండి. లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు కూరకి కోసేస్తారు.

పాదుకి ఒకటి, మహా అయితే రెండు కాయలే విత్తనానికి వదలాలి. ముదురు కాయలు ఎక్కువైతే పాదు కొత్త పిందెలు వెయ్యడం తగ్గిస్తుంది. కాయ గోధుమరంగు తిరిగి, ఊపితే గింజలు గలగలమనాలి. మరీ ఆలస్యం చేస్తే కొసన ఉండే చిన్న మూత ఊడి గింజలన్నీ నేల పాలవుతాయి.

ప్రశ్న: మిద్దె తోట కొత్తగా మొదలుపెడుతున్నాం. ఏటా విత్తనాలు కొనకుండా ఏవి వేసుకోవచ్చు?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: టమాటా, చిక్కుడు, అలసంద, గోరుచిక్కుడుతో మొదలుపెట్టండి. వీటి పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి రకం పెద్దగా చెడదు. వంగ, బెండ కొంతవరకు ఫరవాలేదు. మిరప దగ్గరే చిక్కు. కారం మిరప పక్కన బెంగళూరు మిర్చి పెట్టి విత్తనం తీస్తే మరుసటేడు బెంగళూరు మిర్చీ మండుతుంది. విత్తనానికి ఉంచే మొక్క మీద పూలు విచ్చకముందే దోమతెర కప్పి, రోజూ ఉదయం కొమ్మల్ని కాస్త కదపండి. కాయలు నిలిచాక తెర తీసెయ్యొచ్చు.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద ‘ఎఫ్1’ అనో ‘హైబ్రిడ్’ అనో ఉంటే దాని గింజ దాచి లాభం లేదు, రెండో తరంలో మొక్కకో రకంగా కాస్తుంది. టమాటాలో అర్క వికాస్, పూసా రూబీ, బెండలో అర్క అనామిక, వంగలో భాగ్యమతి దాచుకోదగ్గ రకాలు. టమాటాకి 20 లీటర్ల బకెట్ చాలు. పాదులకి మాత్రం 50 లీటర్లకి తగ్గితే కాయ సాగదు.

ప్రశ్న: టమాటా గింజలు కడిగి ఎండబెడితే ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సగం కూడా మొలవలేదు.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: గింజ చుట్టూ ఉండే జిగురు మొలకను ఆపుతుంది. ఉత్త నీళ్లతో కడిగితే పోదు, పులియబెట్టాలి. బాగా పండిన కాయల గుజ్జు గింజలతో సహా గాజు గ్లాసులోకి పిండి, నీళ్లు కలపకుండా గుడ్డ కప్పి నీడన పెట్టండి. ఎండాకాలం రెండు రోజులు, చలికాలం మూడు. పైన తెల్లటి తెట్టు కడితే సరిపోయినట్టే. ఇంకా ఉంచితే గింజలు అందులోనే మొలకెత్తుతాయి. నిండా నీళ్లు పోసి కలిపితే గట్టి గింజలు అడుక్కి చేరతాయి, తేలినవి వంచెయ్యండి. మూడు నాలుగుసార్లు కడిగి పింగాణీ పళ్లెంలో పల్చగా పరచండి. కాగితం మీద పోస్తే అంటుకుపోతాయి. నీడలో వారం ఆరాలి, మొదటిరోజు రెండు మూడుసార్లు వేళ్లతో విడదీస్తుండాలి.

ఏ కాయ తీసుకుంటున్నారన్నదీ ముఖ్యమే. చాలామంది మంచివన్నీ వండేసుకుని చివర మిగిలిన గిడస కాయల్ని విత్తనానికి ఉంచుతారు. అలా చెయ్యకండి. ఆకుముడత లేని, బాగా కాసిన మొక్కను ముందే గుర్తుపెట్టి, దాని మొదటి గుత్తుల కాయలే విత్తనానికి వదలండి.

ప్రశ్న: ఫిబ్రవరిలో వేసిన పందిరి చిక్కుడు పందిరంతా అల్లుకుంది, ఒక్క పువ్వూ లేదు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మన పాత పందిరి చిక్కుళ్లు పగటిపూట తగ్గితేగాని పూయవు. ఎరువు వేసి ప్రయోజనం లేదు. జూన్, జులైలో వేసుకుంటే చలికాలంలో విరగకాస్తాయి. వేసవిలో కావాలంటే పొట్టి రకాలు అర్క జయ్, అర్క విజయ్ పెట్టండి.

ప్రశ్న: దాచిన చిక్కుడు గింజలన్నీ పుచ్చిపోయాయి. ఎలా నిలవ చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: పురుగు గుడ్లు తోటలోనే కాయ మీద పడి గింజతోపాటు ఇంట్లోకి వస్తాయి. పంటితో నొక్కితే నొక్కు పడకుండా టక్కున పగిలేంతగా ఎండాక, గాలి చొరని సీసాలో పోసి వారం డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. తడి గింజ పెడితే మొలక చస్తుంది. బయటికి తీశాక సీసా చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తియ్యొద్దు, గింజలకి చెమ్మ పడుతుంది. ఫ్రీజర్ లేకపోతే జల్లించిన పొడి బూడిద గింజలు మునిగేలా కలపండి.

సీసా మీద రకం పేరు, నెల, సంవత్సరం రాయండి. ఉల్లి గింజ ఏడాదికి మించి ఆగదు. బెండ రెండేళ్లు, చిక్కుడు మూడు, టమాటా, వంగ నాలుగేళ్ల దాకా మొలుస్తాయి. పాతవైతే విత్తే ముందు 20 గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. పన్నెండుకి తక్కువ మొలిస్తే గుంటకి రెట్టింపు గింజలు వెయ్యండి.