ఎన్నారై సందేహాలు: ప్రొపేన్ గ్రిల్‌ని ఇంటి గ్యాస్ లైనుకి కలపొచ్చా?

సందేహం: అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్నాం. వెనక పేషియోలో గ్యాస్ లైను ఉంది. మా దగ్గరున్నది సిలిండర్‌తో నడిచే ప్రొపేన్ గ్రిల్. గొట్టం మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. అసలు మార్చాల్సింది గోరంత ఉండే ఒక ఇత్తడి ముక్కని. మన దగ్గర స్టవ్ రిపేర్లు చేసేవాళ్ళు దాన్ని జెట్ అంటారు, ఇక్కడి షాపుల్లో ఆరిఫిస్ అని అడగాలి. ప్రతి బర్నర్‌కీ ఒకటి ఉంటుంది. దాని మధ్యలో ఉన్న సన్నని చిల్లే ఎంత గ్యాస్ పోవాలో నిర్ణయిస్తుంది.

ఒక ఘనపుటడుగు ప్రొపేన్ మండితే దాదాపు 2,500 బీటీయూల (ఇక్కడ వేడిని కొలిచే యూనిట్) వేడి వస్తుంది. మామూలుగా ఇంటి లైన్లో వచ్చే నేచురల్ గ్యాస్ అంతే మండితే వచ్చేది వెయ్యి పైచిలుకు. ఒత్తిడిలోనూ తేడా ఉంది. ప్రొపేన్ గ్రిల్ 11 అంగుళాల వాటర్ కాలమ్ (అంత ఎత్తు నీటిని నిలబెట్టగల) ఒత్తిడితో నడిస్తే, నేచురల్ గ్యాస్ గ్రిల్ మామూలుగా 4 అంగుళాలతో నడుస్తుంది. (27.7 అంగుళాలైతే ఒక పీఎస్సై, అదే చదరపు అంగుళానికి ఒక పౌను. అంటే రెండూ నోటితో ఊదేపాటి ఒత్తిళ్ళే.) వేడి తక్కువ, తోసే బలమూ తక్కువ కాబట్టి నేచురల్ గ్యాస్‌కి చిల్లు పెద్దదిగా ఉండాలి. గంటకి 10,000 బీటీయూల బర్నర్‌కి ప్రొపేన్ జెట్ చిల్లు సుమారు 0.036 అంగుళం, నేచురల్ గ్యాస్ జెట్‌ది సుమారు 0.055. కంటికి పెద్ద తేడా కనపడదు కానీ వైశాల్యంలో ఇది రెండింతలకి పైమాటే.

ప్రొపేన్ జెట్లు ఉంచేసి ఇంటి లైను కలిపితే మంట నీరసంగా వస్తుంది. అసలు వేడిలో నలభై శాతం వస్తే గొప్ప, మాంసం వేగదు, ఉడుకుతుంది. తిరగేసి చేస్తే మాత్రం చాలా ప్రమాదం. నేచురల్ గ్యాస్ జెట్లకి ప్రొపేన్ వదిలితే రెండున్నర రెట్ల మంట లేస్తుంది. పసుపచ్చగా ఎగసి, మసి కక్కి, నాబ్‌లు కరిగేదాకా పోతుంది.

పానా పట్టుకునే ముందు గ్రిల్ వెనకో, తలుపు లోపలో ఉండే రేటింగ్ ప్లేటు చదవండి. ఏ గ్యాస్‌కి తయారైందో, మోడల్ నంబరేమిటో, మొత్తం ఎన్ని బీటీయూలో అక్కడుంటాయి. ఆ మోడల్‌కి తయారీదారే కన్వర్షన్ కిట్ అమ్ముతుంటేనే ముందుకెళ్ళండి. చార్-బ్రాయిల్ తన కొన్ని మోడళ్ళకి కిట్లు అమ్ముతుంది. వెబర్ మాత్రం మార్పిడిని ఒప్పుకోదు, వారంటీ పోతుందని చెప్తుంది. అలాంటి గ్రిల్ మీ దగ్గరుంటే దాన్ని అమ్మేసి, నేచురల్ గ్యాస్ మోడలే కొనుక్కోండి. కిట్టు, గొట్టం, మీ శనివారం మొత్తం లెక్కేస్తే పెద్దగా నష్టమేమీ ఉండదు. పాత జెట్లనే డ్రిల్‌తో పెద్దవి చేసుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్ళు తగులుతారు, వినకండి. చేత్తో పట్టిన డ్రిల్‌తో చిల్లు నిక్కచ్చిగా రాదు, అంచులు గరుగ్గా ఉంటే గ్యాస్ ధార పక్కకి తిరుగుతుంది.

కిట్టులో ఏమున్నాయో బర్నర్లతో పోల్చి లెక్కపెట్టుకోండి. చాలామంది ఇక్కడే తప్పుతారు. నాలుగు ప్రధాన బర్నర్లకి జెట్లు మార్చి సైడ్ బర్నర్‌నీ, మాంసాన్ని చువ్వకి గుచ్చి తిప్పుతూ కాల్చడానికి వెనకుండే రోటిసరీ బర్నర్‌నీ మర్చిపోతారు. వాటి జెట్లు వేరే సైజు. జెట్లు కాక 4 అంగుళాల రెగ్యులేటర్, క్విక్ డిస్‌కనెక్ట్ (చేత్తోనే తగిలించి, ఊడదీసే ఫిట్టింగ్) ఉన్న పదో పన్నెండో అడుగుల నేచురల్ గ్యాస్ గొట్టం కావాలి. సిలిండర్‌తో వచ్చిన పాత గొట్టం, దానికున్న రెగ్యులేటర్ మళ్ళీ పనికిరావు.

ఇక గోడవైపు పని. పైపు లైను జోలికి మీరు వెళ్ళొద్దు, లైసెన్సున్న ప్లంబర్‌ని పిలవండి. మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల్లో చట్టమే అలా చెప్తుంది. చాలా ఊళ్ళలో కొత్త లైనుకి పర్మిట్ తప్పనిసరి. ప్లంబర్‌ని రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ లైను గ్రిల్‌కి చాలుతుందా? అరంగుళం బ్లాక్ ఐరన్ పైపు యాభై అడుగుల దూరంలో గంటకి 72 ఘనపుటడుగులు, అంటే సుమారు 72,000 బీటీయూలు మోస్తుంది. అదే పైపు మీద ఫర్నేసో, వాటర్ హీటరో కూడా ఉంటే 60,000 బీటీయూల గ్రిల్‌కి చాలదు. రెండు, ఇంట్లోకొచ్చే ఒత్తిడెంత? మామూలుగా 7 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. కొన్ని కొత్త ఇళ్ళలో 2 పీఎస్సై లైన్లు వేస్తారు. గ్రిల్‌తో వచ్చే చిన్న రెగ్యులేటర్ దానికి తట్టుకోదు, ముందు ఇంకో లైను రెగ్యులేటర్ ఉండాలి. నేలలో పైపు వేయాలంటే తవ్వడానికి కొన్ని రోజుల ముందే 811కి ఫోన్ చేయాలి. ఎవరి తీగ, ఎవరి పైపు ఎక్కడుందో వాళ్ళొచ్చి ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు.

జెట్లు మార్చడం గంట పని. సిలిండర్ కట్టేసి, విప్పి, దూరంగా బయట పెట్టండి. గ్రిల్ చల్లారాక జాలీలు, మంటమీది రేకులు తీసి, బర్నర్లకున్న పిన్నో స్క్రూనో ఊడదీసి బర్నర్లు ఎత్తేయండి. కవాటాల కొసన ఇత్తడి జెట్లు కనపడతాయి. ఒక చేత్తో కవాటాన్ని కదలకుండా పట్టుకుని, చిన్న సాకెట్ పానాతో జెట్ విప్పండి. కొత్తదాన్ని ముందు వేళ్ళతోనే తిప్పాలి. ఇత్తడి మెత్తన, పానాతో మొదలుపెడితే మరచుట్లు పాడవుతాయి. జెట్‌కి టేపు చుట్టొద్దు, పేస్టు రాయొద్దు. ఆ తునకే వెళ్ళి చిల్లులో ఇరుక్కుంటుంది. ఏ జెట్ ఎక్కడికో కిట్టు కాగితం చూసే బిగించండి.

బర్నర్ గొట్టాలు బయటికొచ్చాయి కదా, సన్నని బ్రష్‌తో లోపల శుభ్రం చేసేయండి. సాలెపురుగులకి ఆ గొట్టాలంటే మహా ఇష్టం. గూడు అడ్డుపడితే గ్యాస్ వెనక్కి తన్ని నాబ్‌ల దగ్గర మంట అంటుకుంటుంది. బర్నర్లు తిరిగి పెట్టేటప్పుడు ప్రతి జెట్ కొసా గొట్టం నోట్లో తిన్నగా దూరిందో లేదో వంగి చూడండి. జెట్ గొట్టం బయట ఉండిపోయినా నాబ్‌ల వెనక మంటే.

రెగ్యులేటర్ మీద బాణం గుర్తు గ్రిల్ వైపు తిరిగి ఉండాలి. గొట్టం చివరలుండే ఫ్లేర్ ఫిట్టింగులకి టేపు అక్కర్లేదు, లోహానికి లోహం ఒరుసుకునే అక్కడ బిగువొస్తుంది. గ్యాస్‌కి వాడే పసుపు టేపు పైపు మరచుట్లకి మాత్రమే. అన్నీ బిగించాక నాబ్‌లు ఆపి ఉంచి, లైను తెరిచి, పాత్రలు తోమే సబ్బూ నీళ్ళూ సమపాళ్ళలో కలిపి ప్రతి అతుకు మీదా రాయండి. బుడగలొస్తే లీకే. ఆపి, మళ్ళీ బిగించి, మళ్ళీ రాయాలి. అగ్గిపుల్లతో పరీక్ష చేసే పాత అలవాటు ఇక్కడికి తెచ్చుకోకండి.

మూత తెరిచే వెలిగించండి. వెలగకపోతే అన్నీ ఆపి అయిదు నిమిషాలు ఆగండి. వెలిగాక మంట చూస్తూ గాలి సర్దుకోవాలి. బర్నర్ గొట్టం మొదట్లో తిరిగే రేకు ఉంటుంది, అదే ఎయిర్ షటర్. ప్రొపేన్‌కి గాలి ఎక్కువ కావాలి కాబట్టి అది బాగా తెరిచి ఉంటుంది. నేచురల్ గ్యాస్‌కి కొంత మూయాలి. అంగుళంలో ఎనిమిదో వంతు సందుతో మొదలుపెట్టండి. మంట నీలంగా, కొసన కాస్త పసుపుతో నిలకడగా ఉంటే సరిపోయినట్టే. పసుపచ్చగా ఊగుతూ మసి పడుతుంటే గాలి తక్కువైంది. బుసకొడుతూ బర్నర్ మీంచి పైకి లేస్తుంటే ఎక్కువైంది. అన్నీ సరిగ్గా ఉండి సన్నసెగలో మాత్రం ఆరిపోతుంటే, కొన్ని గ్రిల్స్‌లో నాబ్ తీస్తే కాడ లోపల చిన్న స్క్రూ కనపడుతుంది. సన్నమంట దానితో సర్దాలి.

లైనున్న ఇంటినుంచి అపార్ట్‌మెంట్‌కి మారేవాళ్ళు తిరగేసి, నేచురల్ గ్యాస్ గ్రిల్‌ని సిలిండర్‌కి మార్చొచ్చా అని అడుగుతారు. కిట్టుంటే అదీ అవుతుంది, కానీ ముందు లీజు చదవండి. చాలా ఊళ్ళు అనుసరించే ఫైర్ కోడ్ ప్రకారం అపార్ట్‌మెంట్లలో మండే బాల్కనీల మీదా, మండే గోడకి 10 అడుగుల లోపూ మంట పొయ్యిలు వాడకూడదు. స్ప్రింక్లర్లున్న భవనాలకీ, ఒక పౌను చిన్న సిలిండర్లకీ మినహాయింపులున్నాయి. సిలిండర్ గ్రిల్ వేడెక్కకపోతే జెట్‌ని అనుమానించే ముందు సిలిండర్ ఎలా తెరుస్తున్నారో చూసుకోండి. ఒక్కసారిగా తిప్పితే లీకనుకుని లోపలి రక్షణ కవాటం గ్యాస్‌ని సన్నధార చేసేస్తుంది. అన్నీ కట్టేసి, ఒక నిమిషమాగి, నాబ్‌లు ఆపి ఉంచే సిలిండర్‌ని మెల్లగా తెరవండి.

ఇండియానుంచి తెచ్చుకున్న స్టవ్ సంగతి కూడా ఇదే. అది 30 మిల్లీబార్లకి, అంటే సుమారు 12 అంగుళాల ఒత్తిడికి చేసింది. ఇక్కడి ప్రొపేన్‌కి దగ్గరే కాబట్టి వెలుగుతుంది, వెలిగింది కదా అని మోసపోతారు. 20 పౌన్ల సిలిండర్‌ని ఇంట్లో పెట్టకూడదు. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేలబారున పాకి బేస్‌మెంట్‌లో గుంపు కడుతుంది. వేపుళ్ళ వాసన ఇంట్లోకి రాకుండా గరాజ్‌లో పొయ్యి పెట్టే పద్ధతి ఇంకా ప్రమాదం, తలుపు తీసున్నా కార్బన్ మోనాక్సైడ్ పేరుకోవచ్చు. ఆ స్టవ్‌ని ఇంటి లైనుకి కలపడానికి ఇక్కడ సర్టిఫికెట్ ఉన్న కిట్టు దొరకదు, ఆ ఆలోచన మానుకోండి. ఆరుబయట వాడుకకని రాసున్న నేచురల్ గ్యాస్ సైడ్ బర్నరే కొనుక్కోండి.

మార్పిడి అయ్యాక కిట్టులో వచ్చిన కొత్త స్టిక్కర్‌ని రేటింగ్ ప్లేటు పక్కనే అంటించండి. తీసిన జెట్లని చిన్న సంచిలో వేసి గ్రిల్ తలుపు లోపల కట్టేయండి, రేపు ఇల్లు మారినా గ్రిల్ అమ్మినా కావాల్సొస్తాయి. మిగిలిన సిలిండర్‌ని చెత్తబుట్టలో మాత్రం పడేయకండి. సిలిండర్లు మార్చి ఇచ్చే షాపుల్లో ఖాళీవి తీసుకుంటారేమో అడగండి, లేదా మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చేయండి.