ఓపెన్ జైలుకు మారిస్తే శిక్ష అయిపోయినట్టేనా?

లేదు, శిక్ష అలాగే నడుస్తుంది. మారేది ముఖ్యంగా కాపలా. ఓపెన్ జైలు అంటే ఎత్తైన గోడలు, సాయుధ కాపలా లేని జైలు.

శిక్ష పడిన ఖైదీలందరికీ ఎత్తైన గోడలు, సాయుధ కాపలా అవసరం ఉండవు. కొంతకాలం శిక్ష అనుభవించి, నడవడిక బాగుండి, ఒళ్లు వంచి పని చేయగలిగి, పారిపోడన్న నమ్మకం కుదిరినవాళ్లను జైళ్ల శాఖ తక్కువ భద్రత కోవలోకి తెచ్చి ఓపెన్ జైలుకు పంపుతుంది. విచారణ ఖైదీలను సాధారణంగా పంపరు, ఎందుకంటే వాళ్ల కేసు ఇంకా తేలలేదు. ఎన్నో ఏళ్లు నాలుగు గోడల మధ్య ఉన్న మనిషి ఒక్కసారిగా బయటికొస్తే తట్టుకోలేడు. అందుకే మామూలు జైలుకూ విడుదలకూ నడుమ ఈ మెట్టు చాలా ముఖ్యం.

ఉదాహరణకు, విశాఖ అడవివరం దగ్గరి సెంట్రల్ జైలులో యావజ్జీవ ఖైదీ ఒకరు ఎంపికయ్యారనుకుందాం. ఆయన్ను అనంతపురం జిల్లా రెడ్డిపల్లిలోని ఓపెన్ జైలుకు పంపవచ్చు. అక్కడ పొలం పని, దానికి కూలి. పగలు ఆరుబయటే, కానీ హాజరుకు నిలబడాల్సిందే. రాజస్థాన్‌లోని సాంగానేర్‌లో అయితే ఖైదీలు కుటుంబంతో ఉంటూ బయట పనికి కూడా వెళ్తారు. పద్ధతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

చాలామంది దీన్ని బెయిల్‌ అనో పెరోల్‌ అనో అనుకుంటారు. రెండూ కాదు. ఇక్కడి ఖైదీ చట్టం దృష్టిలో జైలులోనే ఉన్నట్టు. చెప్పకుండా వెళ్లిపోతే అది తప్పించుకున్న నేరమే. 'హత్య కేసువాళ్లను తీసుకోరు' అన్నదీ సరికాదు, యావజ్జీవ ఖైదీలూ అక్కడ ఉంటారు. కాకపోతే, మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడినవాళ్లను మామూలు శిక్ష తగ్గింపుతో 14 ఏళ్లలోపు వదలరు. ఓపెన్ జైలులో ఉన్నా అంతే.