ట్రాఫిక్‌కు ‘ప్రతిష్టంభన’ సరిపోతుందా?

‘చర్చల్లో ప్రతిష్టంభన’ అని పేపర్లో చూశాను, ట్రాఫిక్ పూర్తిగా ఆగినా అదే మాట రాయొచ్చా అని అడిగారు. వద్దండి. అక్కడ ‘స్తంభించింది’ అనాలి. కదులుతున్నది కదలకుండా నిలిచిపోతే స్తంభించడం: వానకు జనజీవనం స్తంభించింది, 2011 సకల జనుల సమ్మెతో తెలంగాణలో పాలన స్తంభించింది.

ప్రతిష్టంభనకు రెండు పక్షాలుండాలి. ఇద్దరూ పట్టు వీడకపోవడంతో వ్యవహారం ముందుకు సాగదు. యాజమాన్యం, కార్మికులు బిగుసుకుంటే వచ్చేది అదే. ప్రతి, స్తంభన కలిసినప్పుడు ‘స్త’ కాస్తా ‘ష్ట’ అవుతుంది కాబట్టి ‘ప్రతిస్తంభన’ అని రాయకండి.

బ్యాంకు ఖాతా విషయంలో మాత్రం ‘స్తంభింపజేశారు’ అనాలి, ఎందుకంటే అది దానంతట అది ఆగలేదు, ఎవరో ఆపారు. ట్రాఫిక్ గురించి మామూలు మాటల్లో చెప్పాలంటే ‘వాహనాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి’ అనండి. నాకైతే అదే బాగుంటుంది.