పాత బీటిల్‌కు ఆయిల్ కారుతోందా? ఇంజిన్ దింపే ముందు ఇవి చూడండి

అన్నా, అనంతపురంలో మీ 1300 ఫోక్స్‌వాగన్ బీటిల్‌ను రాత్రి నిలిపితే తెల్లారేసరికి కింద అరచెయ్యంత మరక పడుతోందనీ, షెడ్డులో ఇంజిన్ దింపి మెయిన్ సీల్ (గేర్‌బాక్స్ వైపు, ఫ్లైవీల్ వెనక క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఉండే ఆయిల్ సీల్) మార్చాలన్నారనీ రాశారు. అప్పుడే ఒప్పుకోవద్దు. ఈ ఇంజిన్‌లో ఆయిల్ కారేది ఒకచోట, చుక్క పడేది ఇంకోచోట. అట్లని వదిలెయ్యనూ కూడదు. మన ఎర్రదుమ్ము ఆయిల్‌తో కలిసి సిలిండర్లను గాలితో చల్లబరిచే ఫిన్నుల (రేకుల) మధ్య పెచ్చు కడితే గాలి ఆడదు, సిలిండర్లు కాగిపోతాయి.

ముందు డిప్‌స్టిక్ చూడండి. దీనికి పట్టేది రెండున్నర లీటర్లే. వేరే కార్ల అలవాటున మూడు, మూడున్నర పోసేస్తారు. ఫ్యాన్ బెల్టు తిప్పే పుల్లీ వైపు అసలు ఆయిల్ సీలే ఉండదు, ఆయిల్‌ను వెనక్కి తిప్పే మరగాడి మాత్రమే ఉంటుంది. ఎక్కువ పోసినా, రింగులు అరిగి లోపల ప్రెషర్ పెరిగినా, లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం మూసుకుపోయినా అక్కడినుంచే చిమ్ముతుంది.

తర్వాత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కిరసనాయిలు, బ్రష్షుతో అడుగంతా కడిగి, బాగా ఆరనిచ్చి, టాల్కం పౌడర్ చల్లండి. బళ్లారి రోడ్డులో పది కిలోమీటర్లు తిప్పి తెచ్చి, పౌడర్ ఎక్కడ తడిసిందో చూడండి.

చాలాసార్లు దొంగ పుష్‌రాడ్ ట్యూబుల దగ్గర, అంటే వాల్వులను నెట్టే కడ్డీలుండే గొట్టాల దగ్గర దొరుకుతాడు. మొత్తం ఎనిమిది. చివర్ల సీళ్లు వేడికి ఎండి గట్టిపడతాయి, ట్యూబు తుప్పుకు సూదిబెజ్జం పడుతుంది. అసలు రకం ట్యూబులు వెయ్యాలంటే హెడ్ విప్పాల్సిందే. కొత్తవాటి ముడతలను సమానంగా సాగదీసి 190-191 మిల్లీమీటర్లకు తేవాలి, అతుకు పైకి ఉండాలి. సాగదియ్యకుండా బిగిస్తే సీల్ మీద ఒత్తిడి చాలదు, మళ్లీ కారుతుంది. హెడ్ విప్పడం ఇష్టం లేకపోతే స్ప్రింగు ఉన్న రెండు ముక్కల ట్యూబులు దొరుకుతాయి. వాల్వులను నొక్కే రాకర్ల షాఫ్ట్, పుష్‌రాడ్లు తీస్తే చాలు, అవి ఎక్కుతాయి. ఆపైన వాల్వ్ గ్యాప్ చల్లటి ఇంజిన్ మీద 0.15 మిల్లీమీటర్లు పెట్టాలి.

వాల్వ్ కవర్ కార్క్ ప్యాకింగ్‌ను కవర్ వైపు మాత్రమే అంటించండి, హెడ్ వైపు గ్రీజు పూస్తే చాలు. ఇక్కడ కారితే హీట్ ఎక్స్ఛేంజర్ (పొగ గొట్టం వేడితో హీటర్‌కు గాలిని కాచే పెట్టె) మీద పడి కాలుతుంది. మన ఎండలకు హీటర్‌తో పనేముంది గానీ, ఆ కమురు కంపు మాత్రం లోపలికి వస్తుంది.

అడుగున ఆయిల్ వడపోసే జాలీ ప్లేటుకు ఆరు నట్లు. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి వెయ్యండి, బిగింపు 7 న్యూటన్ మీటర్లు దాటకూడదు. కేసు మెగ్నీషియం, బలం చూపిస్తే స్టడ్డు చేతికొస్తుంది. లీకుకు జవాబుగా సిలికాన్ దట్టంగా పూసేవాళ్లను ఆపండి. లోపలికి పిండుకుపోయిన ముక్కలు జాలీకి అడ్డం పడతాయి.

ప్రెషర్ స్విచ్, ఆయిల్ కూలర్ సీళ్లు కూడా చూడండి. వాటి ఆయిల్ ఎడమవైపునుంచి దిగి మెయిన్ సీల్‌లా భ్రమ పెడుతుంది.

ఇవన్నీ బాగుండి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోటే చుక్క పడుతుంటే వేలితో తీసి వాసన చూడండి. గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్, తప్పు ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్‌ది. ఇంజిన్ ఆయిలే అయితే పుల్లీని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. క్రాంక్ షాఫ్ట్ ముందువెనక ఆట 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్లు ఉండాలి. టక్కుమని చప్పుడొస్తే కొత్త సీల్ కూడా నిలవదు, ముందు మూడు షిమ్ములతో (పలుచటి వాషర్లతో) ఆట సరిచెయ్యాలి. ఫ్లైవీల్ నట్టు 36 సైజు, బిగింపు 300 న్యూటన్ మీటర్లు. పొడుగు పైపు తొడిగి అందాజుగా బిగిస్తే ఫ్లైవీల్ సడలుతుంది. ఇంజిన్ ఎట్లాగూ దిగుతుంది కాబట్టి ఫ్లైవీల్ ఓ-రింగ్, కూలర్ సీళ్లు, గేర్‌బాక్స్ సీల్ అప్పుడే మార్పించండి.