వారానికో రంగు జెర్సీ

ప్రశ్న: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ (హెల్మెట్ పెట్టుకుని, బంతిని చేత్తో పట్టుకుని ఆడే ఆట) జట్లు తరచూ దుస్తుల రంగులు ఎందుకు మారుస్తాయి? మా జట్టు కుర్రాళ్లూ అవే కావాలంటున్నారు.
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: ఈ ఒరవడికి ఊపునిచ్చింది ఒరెగాన్ విశ్వవిద్యాలయం, అక్కడ చదివిన ఫిల్ నైట్ క్రీడా దుస్తులు, బూట్లు తయారుచేసే నైకీ సంస్థాపకుల్లో ఒకరు కావడంతో, హెల్మెట్, చొక్కా, ప్యాంటులను వేర్వేరు రంగుల్లో కలిపి ధరించే ప్రయోగాలకు ఆ జట్టే వేదికైంది. కొత్త ఆటగాళ్లను ఆకర్షించడానికీ, జెర్సీల అమ్మకానికీ అది పనికివచ్చింది. అలబామా విశ్వవిద్యాలయ జట్టు ముదురు ఎరుపు హెల్మెట్ పక్కభాగంలో మాత్రం ఇప్పటికీ జట్టు గుర్తు బొమ్మ ఉండదు, ఆటగాడి అంకె ఒక్కటే తెల్లగా కనిపిస్తుంది. నా కంటికి అదే అందం. మీ వాళ్లు ఏ రంగు ఎంచుకున్నా సరే, ముదురు నీలంపై నల్ల అంకె మాత్రం వేయించకండి, సాయంత్రం వేళ తారకరామ స్టేడియం మెట్ల మీది నుంచి అది ఎవరికీ కనబడదు.